ఎండాకాలంలో ఆ నీళ్లు ఎవరివి? సవన్నా బయోస్ఫియర్ రిజర్వుల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

సవన్నా అంటే అక్కడక్కడా చెట్లున్న గడ్డిభూమి. అలాంటి చోట్ల ఉన్న బయోస్ఫియర్ రిజర్వుల్లో జీవవైవిధ్యమూ నిలవాలి, అక్కడి జనం బతుకూ సాగాలి, ఎలా అన్నది ఈరోజు నాకిచ్చిన అంశం. ఇందులో చెప్పాల్సింది చాలా ఉంది. నేను మాత్రం ఒక్క మాట పట్టుకుని దాని చుట్టూనే తిరుగుతాను. సవన్నాలో తగవు వచ్చేది ఎండాకాలంలోనే. వానలు పడ్డ నెలల్లో గడ్డి అందరికీ సరిపోతుంది, నీళ్లూ సరిపోతాయి. అడవి మృగాలు ఎటో వెళ్లిపోతాయి, పశువులు ఇంకెటో మేస్తాయి. వాగులన్నీ ఎండిపోయి ఒక్క చిత్తడి నేల మాత్రం పచ్చగా మిగిలినప్పుడు మొదలవుతుంది గొడవ. ఆ నీటి దగ్గరికి ఎవరు రావచ్చు, ఎన్నాళ్లు ఉండవచ్చు, ఆ సంగతి ఎవరు తేల్చాలి? ఈ మూడు ప్రశ్నలకు ఒక రిజర్వు ఇచ్చే జవాబును బట్టే అక్కడి ఏనుగుల భవిష్యత్తు, ఊళ్ల భవిష్యత్తు ఉంటాయని నా నమ్మకం.

ముందు రిజర్వు అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పేస్తాను. యునెస్కో 1971లో ‘మనిషి, జీవావరణం’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1976లో మొదటి బయోస్ఫియర్ రిజర్వులను గుర్తించింది. ఇప్పుడు ప్రపంచంలో ఇలాంటివి 700కు పైగా ఉన్నాయి. 1995లో స్పెయిన్‌లోని సెవిల్‌లో కూర్చుని వీటికి ఒక స్పష్టమైన రూపం ఇచ్చారు. మధ్యలో కట్టుదిట్టంగా కాపాడే కోర్ ఏరియా, దాని చుట్టూ బఫర్ జోన్, ఆ బయట జనం సాగు, మేత, వ్యాపారం చేసుకునే ట్రాన్సిషన్ జోన్. ప్రకృతిని కాపాడటం, జనం బతుకు మెరుగుపడటం, రెండూ ఒకే రిజర్వు బాధ్యతలని అక్కడ రాసుకున్నారు. నిజంగా గొప్ప ఆలోచన.

చిక్కు ఎక్కడుందంటే, యునెస్కో గుర్తింపుతో ఏ దేశపు చట్టమూ మారదు. ఆఫ్రికా సవన్నాల్లో చాలాచోట్ల కోర్ ఏరియా అప్పటికే జాతీయ పార్కుగా ఉంది. దానికి చట్టం ఉంది, గార్డులున్నారు, బడ్జెట్ ఉంది. బఫర్, ట్రాన్సిషన్ జోన్లకు చాలాచోట్ల చట్టం దన్ను లేదు. జంతువుకిచ్చిన మాట చట్టంలో ఉంటే, మనిషికిచ్చిన మాట పటంలో గీసిన రంగులోనే ఉండిపోయింది.

ఇక సవన్నా సంగతి. ఇది మనిషి అడుగుపెట్టని నేల అని చాలామంది అనుకుంటారు. తూర్పు ఆఫ్రికా గడ్డిభూముల్లో వేల ఏళ్లుగా మందలు మేస్తున్నాయి. కెన్యాలోని నారోక్ ప్రాంతంలో పాత పశువుల దొడ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2018లో నేచర్ పత్రికలో వచ్చింది. కాపరులు కొన్నాళ్లు మందను కట్టి, ఆ చోటు వదిలి వెళ్లిపోతారు. పేడతో ఆ నేల సారవంతమవుతుంది. అక్కడ మొలిచే గడ్డిలో పోషకాలు ఎక్కువ కాబట్టి అడవి జంతువులూ అక్కడికే చేరతాయి. అలాంటి మచ్చలు కొన్ని మూడు వేల ఏళ్లకు పైగా నిలిచి ఉన్నాయని తేలింది. మనం ఫోటోల్లో చూసి ముచ్చటపడే ఆ పచ్చిక మైదానాల్లో కొన్ని ఒకనాటి పశువుల దొడ్లే.

ఇంకొక ఉదాహరణ చెప్పి తీరాలి. టాంజానియాలోని సెరెంగెటిలో ఇప్పుడు పెద్ద జింకల జాతికి చెందిన సుమారు 13 లక్షల వైల్డెబీస్ట్‌లు వలస తిరుగుతాయి. 1960ల మొదట్లో అవి రెండున్నర లక్షలే. పెరగడానికి ముఖ్య కారణం రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తగ్గడం. చుట్టుపక్కల ఊళ్ల పశువులకు టీకాలు వేశారు. పశువుల్లో రోగం పోగానే అడవి జంతువుల్లోనూ పోయింది. 1977 నాటికి వైల్డెబీస్ట్‌లు 13 లక్షలకు చేరాయి. దీనికి వ్యతిరేక దిశలో కూడా జరిగింది. 1994లో ఊరకుక్కల నుంచి వచ్చిందని భావించే డిస్టెంపర్ వ్యాధితో సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతు చనిపోయాయి. పశువైద్యుడు ఊళ్లోకి రాకపోతే దాని ఫలితం అడవిలో కనిపిస్తుంది. పశువైద్యం ఖర్చును అటవీ బడ్జెట్లో పెట్టాలని నేను గట్టిగా వాదిస్తాను.

ఇప్పుడు ఎండాకాలం దగ్గరికి వద్దాం. అంబోసెలీని చూడండి. కెన్యాలో, కిలిమంజారో పర్వతానికి ఉత్తరాన ఉంది. పర్వతం మీద పడ్డ వాన భూగర్భంలో ప్రయాణించి ఈ ఎండిన మైదానంలో ఊటలుగా, చిత్తడి నేలలుగా పైకి వస్తుంది. ఎండాకాలంలో ఏనుగులకూ, జీబ్రాలకూ, పశువుల కాపరులైన మసాయిల ఆవులకూ అదే ఆధారం. 1974లో ఆ చిత్తడి నేలల చుట్టూ 392 చదరపు కిలోమీటర్లను జాతీయ పార్కు చేశారు. మసాయిలు తమ ఎండాకాలపు నీటిని వదులుకోవాలి. బదులుగా పార్కు బయటికి గొట్టాల ద్వారా నీళ్లిస్తామన్నారు, మేత కోల్పోయినందుకు డబ్బు ఇస్తామన్నారు. కొన్నేళ్లు నీళ్లు వచ్చాయి. తర్వాత పంపులు పాడయ్యాయి, చెల్లింపులు ఆగిపోయాయి. మందలు మళ్లీ చిత్తడి నేలల్లోకి వచ్చాయి. భూమి పోతుందన్న కోపంతో ఆ కాలంలో యువకులు ఖడ్గమృగాలను, ఏనుగులను బరిసెలతో పొడిచి చంపారు. మాంసం కోసమో దంతం కోసమో చేసిన పని కాదది, వాళ్లు తెలిపిన నిరసన.

నేను దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ఒప్పందం చెడ్డది కాదు. నీటికి నీళ్లు, మేతకు డబ్బు, లెక్క సరిగానే ఉంది. కానీ డీజిలు కొనేదెవరు, పంపు పాడైతే బాగుచేసేదెవరు అన్నది ఎవరూ తేల్చలేదు. పెద్ద సంరక్షణ పథకాలు ఇలాంటి చిన్నచోట కూలిపోతాయి. ఒప్పందం మీద సంతకాలు చేసేవాళ్లు పెద్దవాళ్లు, పంపు దగ్గర కాపలా ఉండే మనిషి జీతానికి మాత్రం ఏ పద్దూ ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. వానలు పడగానే అంబోసెలీ జంతువుల్లో చాలా భాగం పార్కు వదిలి మసాయిల ఉమ్మడి భూముల్లోకి వెళ్లిపోతాయి. 392 చదరపు కిలోమీటర్లు ఆ ఏనుగులకు ఏ మూలకూ చాలవు. అంటే ఏడాదిలో కొన్ని నెలలు జంతువులు జనం భూమి మీద బతుకుతున్నాయి, ఎండాకాలంలో మాత్రం జనం పశువులను జంతువుల భూమి మీదికి రానివ్వడం లేదు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉండాలి కదా. 1991లో అంబోసెలీ బయోస్ఫియర్ రిజర్వు అయింది. ఆ గుర్తింపులో నాకు నచ్చేదేమిటంటే, అది ఈ మొత్తం భూభాగాన్ని ఒకటిగా చూడమంటుంది.

కామెరూన్ ఉత్తర కొసన ఉన్న వాజా కథ వేరు. లోగోన్ నది వరద మైదానంలో ఉందది. ఏటా నది పొంగి మైదానం మునిగేది. నీళ్లు తీసేశాక ఎండాకాలమంతా పచ్చగా ఉండే గడ్డి మిగిలేది. కాబ్ జింకలు, ఏనుగులు, ఫులానీ కాపరుల మందలు, చేపలు పట్టే కొటోకోలు అందరూ ఆ వరద మీదే బతికేవారు. 1979లో వాజా బయోస్ఫియర్ రిజర్వు అయింది. సరిగ్గా అదే ఏడు పైన మాగా దగ్గర వరిసాగు కోసం ఆనకట్ట కట్టారు. వరద తగ్గిపోయింది. ఆపైన కరువులు తోడయ్యాయి. ఏళ్ల తరబడి నిలిచే గడ్డి పోయి ఒక్క సీజన్ గడ్డి వచ్చింది, చేపలు తగ్గాయి, జింకలు తగ్గాయి. జనమూ జంతువులూ మిగిలిన కొద్దిపాటి నీటిగుంటల చుట్టూ చేరి తగవులాడుకున్నారు. పార్కు అధికారి కాపరిని తప్పుపట్టాడు, కాపరి పార్కును తప్పుపట్టాడు. నీళ్లు ఆపింది వీళ్లిద్దరూ కాదు.

1994లో అక్కడ ఒక మంచిపని జరిగింది. మూసేసిన ఒక పాయ గట్టును తెరిచి ప్రయోగాత్మకంగా కొంత వరదను వదిలారు. 1997లో మరొకటి తెరిచారు. పాత గడ్డి తిరిగి మొలవడం మొదలైంది, చేపలు పెరిగాయి, ఎండాకాలంలో మందలు ఎక్కువ రోజులు నిలవగలిగాయి. ఇక్కడ జంతువుకు ఎంత, మనిషికి ఎంత అని పంచే పని రాలేదు. పంచుకోవలసిన వనరునే పెంచారు. బయోస్ఫియర్ రిజర్వు నిర్వాహకుడికి రిజర్వు బయట ఉన్న ఆనకట్ట గేటు మీద మాట చెల్లాలి. చాలాచోట్ల ఆ మాట చెల్లదు, అదే నా బాధ.

నిప్పు గురించి చెప్పకుండా సవన్నా గురించి మాట్లాడలేం. పశ్చిమ ఆఫ్రికాలో ఎండాకాలం మొదట్లో, నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టే మంట వేరు. గడ్డిలో ఇంకా తేమ ఉంటుంది, మంట చిన్నగా, అక్కడక్కడా మచ్చలుగా కాలుస్తుంది, తర్వాత లేత చిగురు వస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో రేగే కార్చిచ్చు వేరు. అది మొక్కల్నీ, వెన్న తీసే గింజలిచ్చే షీ చెట్ల పూతనీ మాడ్చేస్తుంది. అసలు మంటే లేకపోతే? కోత్ దివ్వార్‌లోని లామ్టో పరిశోధన కేంద్రం 1962 నుంచి ఈ ప్రశ్న మీద పనిచేస్తోంది. మంట తగలకుండా కాపాడిన చోట పొదలూ చెట్లూ కమ్ముకుని గడ్డి పోతుందని అక్కడ గమనించారు. వలసపాలన కాలపు అధికారులు చాలామంది గ్రామస్థుల మంటల్ని విధ్వంసంగానే చూశారు. మంట ఎప్పుడు పెట్టాలో గాలినీ, గడ్డి రంగునీ చూసి చెప్పగలిగే వేటగాళ్లూ, కాపరులూ, తేనె తీసేవాళ్లూ ఉన్నారు. నిషేధం వచ్చాక వాళ్లు దొంగచాటుగా, తొందరపాటుగా, తప్పు నెలలో నిప్పు పెట్టాల్సి వచ్చింది. ఎండాకాలం మొదట్లోనే ఊరి పెద్దలూ పార్కు సిబ్బందీ కలిసి కూర్చుని, ఏ భాగం ఎప్పుడు కాల్చాలో తేల్చుకుంటే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

షీ చెట్టు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. పశ్చిమ ఆఫ్రికా సవన్నాల్లో దాని గింజలు ఏరి, వెన్న తీసి అమ్మేది ఆడవాళ్లే. చాలా ఇళ్లలో ఆమె చేతికి వచ్చే సొంత డబ్బు అదే. ఈ చెట్టు కాపుకు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. బీడుగా వదిలిన పొలాల్లో దాని మొక్కలు నిలదొక్కుకుంటాయి. పత్తి సాగు విస్తరించి బీడు వదిలే కాలం తగ్గిపోతే కొత్త చెట్లు రావు. రిజర్వు సమావేశాల్లో కూర్చునేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. అక్కడ పత్తి గురించి చర్చ జరుగుతుంది, షీ గురించి జరగదు.

ఇక డబ్బు. చాలామంది దీన్నే పరిష్కారం అనుకుంటారు కాబట్టి కొంచెం ఆగుదాం. బెనిన్‌లోని పెంజారి 1986 నుంచి బయోస్ఫియర్ రిజర్వు. అక్కడ చుట్టూ ఉన్న ఊళ్లు సంఘాలుగా ఏర్పడి, వేట లైసెన్సుల ఆదాయంలో 30 శాతం తీసుకునే ఏర్పాటు చేశారు. ఉగాండాలో పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం చుట్టుపక్కల జనానికి ఇవ్వాలని చట్టం. మంచివే. కానీ ఆ డబ్బు ఎలా ఖర్చవుతుంది? బడి గదికో, ఆరోగ్య కేంద్రానికో, రోడ్డుకో. ఊరందరికీ ఉపయోగమే. నష్టం మాత్రం ఊరందరికీ రాదు. పార్కు అంచున పొలం ఉన్నవాడి మొక్కజొన్న ఒక్క రాత్రిలో ఏనుగులు తొక్కేస్తాయి. పార్కు అంచున దొడ్డి ఉన్నవాడి ఆవును సింహం పట్టుకుపోతుంది. లాభం ఊరందరికీ పంచి, నష్టం నలుగురు రైతుల నెత్తిన పెడితే ఆ నలుగురు ఏం చేస్తారు?

ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ రిజర్వులో ఏం జరిగిందో చూడండి. 1979 నుంచి బయోస్ఫియర్ రిజర్వు అది. పార్కు మధ్యలోనే చేపలు పట్టే ఊళ్లున్నాయి, కాట్వే దగ్గర ఉప్పు తీసేవాళ్లున్నారు. జనం లోపలే ఉండే రిజర్వు అన్నమాట. 2018 ఏప్రిల్‌లో హాముకుంగు అనే ఊరి దగ్గర పదకొండు సింహాలు చనిపోయి కనిపించాయి. అందులో ఎనిమిది పిల్లలు. విషం పెట్టారని అనుమానించారు. రుసుములో వాటా ఆ ఊళ్లకూ అందుతూనే ఉంది. నష్టపోయిన మనిషి చేతికి, నష్టపోయిన వారంలోనే ఏదో ఒకటి అందితే తప్ప వాటాతో ఈ కోపం చల్లారదు.

అంబోసెలీ పక్కన ఉన్న మ్బిరికానిలో 2003 నుంచి అలాంటి ప్రయత్నం నడుస్తోంది. సింహం ఆవును చంపితే పరిశీలకుడు వచ్చి చూస్తాడు, పరిహారం ఇస్తారు. దొడ్డి సరిగా లేకపోతే కోత పెడతారు. ఆ ప్రాంతంలో ఎవరైనా సింహాన్ని చంపితే ఆ విడత అందరి పరిహారమూ ఆగిపోతుంది. కొంచెం కఠినమే. అయితే ఇరుగుపొరుగే ఒకర్నొకరు ఆపేలా చేస్తుంది. 2007లో అదే ప్రాంతంలో లయన్ గార్డియన్స్ (సింహాల కాపలాదార్లు) అనే కార్యక్రమం మొదలైంది. ఒకప్పుడు సింహాన్ని చంపి పేరు తెచ్చుకోవాలనుకునే మసాయి యువకులకే సింహాల జాడలు గమనించి కాపరులను హెచ్చరించే ఉద్యోగం ఇచ్చారు. జీతమూ వచ్చింది, ఊళ్లో గౌరవమూ నిలిచింది. ఈ రెండోది లేకుండా జీతం ఒక్కటే పనిచేసేదని నేననుకోను.

అయితే ఊళ్లే అంతా చూసుకుంటాయి, ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే చాలు అని కూడా నేను అనడం లేదు. కోత్ దివ్వార్‌లోని కొమోయే 1983లో బయోస్ఫియర్ రిజర్వు అయింది, అదే ఏడు ప్రపంచ వారసత్వ స్థలమూ అయింది. 2002లో అంతర్యుద్ధం వచ్చి గస్తీ ఆగిపోయింది. వేట పెరిగింది, మందలు లోపలికి చేరాయి. 2003లో దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో పెట్టారు. యుద్ధం ముగిసి, సిబ్బంది తిరిగొచ్చాక ఏనుగులూ చింపాంజీలూ కోలుకోవడం మొదలైంది. 2017లో ఆ జాబితా నుంచి తీసేశారు. గార్డు కావాలి. గార్డు మీద ఊరికి నమ్మకమూ కావాలి.

బెనిన్, బుర్కినా ఫాసో, నైజర్ కలిసే చోట ఉన్న డబ్ల్యూ (W) అనే రిజర్వు 2002లో ఏర్పడింది. ఆఫ్రికాలో సరిహద్దులు దాటిన మొదటి బయోస్ఫియర్ రిజర్వు అదే. పశ్చిమ ఆఫ్రికాలో మిగిలిన సుమారు 400 సింహాల్లో అత్యధికం పక్కపక్కనే ఉన్న డబ్ల్యూ, ఆర్లీ, పెంజారి పార్కులు కలిసిన ఆ భూభాగంలోనే ఉన్నాయని 2014లో అంచనా వేశారు. ఏటా ఎండాకాలంలో ఉత్తరం నుంచి ఫులానీ మందలు గడ్డి కోసం దక్షిణానికి వస్తాయి. 1998లో పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ ఈ వలసకు ధ్రువపత్రం, నిర్దిష్ట దారులు ఉండాలని నిర్ణయించింది. కాగితం మీద దారులున్నాయి. నేల మీద వాటిని పత్తి చేలు కమ్మేశాయి. చేనులో పడితే రైతుతో గొడవ, పార్కులో పడితే గార్డుతో గొడవ. కాపరికి మిగిలిన దారి ఏది? గత కొన్నేళ్లుగా అక్కడ సాయుధ ముఠాలు తిష్ఠ వేశాయి. 2019లో పెంజారిలో ఇద్దరు పర్యాటకులను ఎత్తుకుపోయి, వాళ్ల గైడును చంపేశారు. పర్యాటకుడు రాని చోట ఆదాయంలో ఎంత శాతం వాటా ఇచ్చినా చేతికి వచ్చేదేమీ ఉండదు.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలకు వెళదాం.

(సభలో నుంచి ఒక ప్రశ్న: ‘జనాభా పెరుగుతూ పోతుంటే ఈ సర్దుబాట్లు ఎంతకాలం? కొంతమందిని బయటికి పంపడం తప్పదు కదా?’)

మంచి ప్రశ్న. ఈ ప్రశ్న ఎక్కువగా టాంజానియాలో సెరెంగెటి పక్కనే ఉన్న ఎన్గోరోంగోరో గురించి వస్తుంది, అక్కడి సంగతే చెబుతాను. 1959లో మసాయిలను సెరెంగెటి వదిలి వెళ్లమన్నారు. ఎన్గోరోంగోరోలో మీ మందలతో ఉండవచ్చు, మీ ప్రయోజనాలు చూస్తాం అని మాటిచ్చారు. అప్పుడు అక్కడ సుమారు ఎనిమిది వేల మంది. ఇప్పుడు లక్షకు దగ్గర. ఒత్తిడి నిజమే, దాన్ని దాచకూడదు. కానీ అదే కాలంలో ఏం జరిగిందో కూడా చూడాలి. 1975లో సాగు నిషేధించారు, 1992లో సడలించారు, తర్వాత మళ్లీ నిషేధించారు. అగ్నిపర్వత బిలంలోని నీళ్లు, ఉప్పు నేలలు మందలకు దూరమయ్యాయి. వైల్డెబీస్ట్‌లు ఈనే నెలల్లో వాటి దూడల నుంచి ఆవులకు ప్రాణాంతక వ్యాధి సోకుతుంది. అందుకని కాపరులు మంచి గడ్డి ఉన్న మైదానాన్ని తామే వదిలి ఎగువకు వెళతారు. ఎగువన కూడా చోటు తగ్గితే మంద ఎక్కడికి పోవాలి? 2022 నుంచి కుటుంబాలను దూరంగా ఉన్న మ్సోమెరాకు తరలిస్తున్నారు. ఇష్టపడి వెళుతున్నారని ప్రభుత్వం అంటుంది. సేవలు ఆపేసి ఒత్తిడి చేస్తున్నారని చాలామంది మసాయిలు, హక్కుల సంఘాలు అంటున్నాయి. 1959లో మాట తీసుకుని ఒకచోటు వదిలినవాళ్ల మనవల్ని ఇంకోచోటు వదలమనడం నాకు న్యాయంగా కనిపించదు.

(మరో ప్రశ్న: ‘పశువులు తగ్గించుకుని పర్యాటకం మీద బతకవచ్చు కదా?’)

కొంతవరకు బతకవచ్చు. కెన్యాలోని మసాయి మారా చుట్టూ భూయజమానులు తమ భూములు కలిపి పర్యాటక శిబిరాలకు కౌలుకిచ్చారు, నెలనెలా డబ్బు వచ్చింది. కంచెలు పడకుండా ఆగాయి, జంతువులు తిరగడానికి చోటు మిగిలింది. మంచి ఏర్పాటు. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోగానే చాలాచోట్ల కౌలు తగ్గింది. ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి కుటుంబాలు అమ్ముకున్నవి మేకలూ ఆవులే. అందుకే మంద తగ్గించమని చెప్పే ప్రతి పథకాన్నీ నేను ఒకటే అడుగుతాను: పర్యాటకుడు రాని ఏడాది, వాన కూడా రాకపోతే, ఆ కుటుంబం మందను ఏ నీటి దగ్గరికి తోలుకుపోవచ్చో మీ ప్రణాళికలో రాశారా? రాసి ఉంటే ఆ పేజీ ముందు చూపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.